భోంచేసి బారిస్టరైనవాళ్ళు

డబ్లిన్ శివార్లలోని శాండీఫోర్డ్‌లో ఒక పుట్టినరోజు పార్టీలో కొత్తగా పరిచయమైన ఒకావిడ నన్ను పక్కకి తీసుకెళ్ళి, గొంతు తగ్గించి, "ఆంటీ, మావాడు లా చదువుతానంటున్నాడు. ఏం చేద్దామంటారు?" అని అడిగింది. అడిగిన తీరు చూస్తే మంచి డాక్టరెవరైనా తెలుసా అన్నట్టే ఉంది. కుర్రాడు పక్కనే సమోసా తింటూ, "ఐ యామ్ గ్రాండ్, మామ్" అన్నాడు. ఇక్కడ పెరిగిన పిల్లలందరిలాగే వాడికీ తెలుగు అర్థమవుతుంది గానీ జవాబు మాత్రం ఐరిష్ యాసలో వస్తుంది.

ఆ కుర్రాడి కోసమూ, వాడిలాగే సాఫ్ట్‌వేర్ని కాదని నల్లగౌను మీద మనసు పడ్డ మన పిల్లల కోసమూ ఇది రాస్తున్నాను. తెలుగు చదవడం రాకపోతే అమ్మ చేత చదివించుకోండి. నేను డబ్లిన్ కోర్టుల్లో బారిస్టరుగా పనిచేసి, కోవిడ్ కాలంలో గౌను విప్పేశాను. ఏ ఏడు ఏ హోదా వచ్చింది, ఎవరు శాలువా కప్పారు అనేవి రాయను. అవి నాకే సరిగా గుర్తులేవు. గుర్తున్నవి కొందరు మనుషులు, రెండు మూడు కేసులు, ఒక పైజమా.

తిండి పరీక్ష

గుంటూరులో లా పట్టా పుచ్చుకుని లండన్ వెళ్ళాను. అక్కడ బారిస్టరు కావాలంటే పరీక్షలు ప్యాసైతే చాలదు. 'ఇన్' అని పిలిచే పాతకాలపు సంఘాలు నాలుగున్నాయి. వాటిలో ఒకదానిలో చేరి, వాళ్ళ పెద్ద హాల్లో ఇన్ని అని భోజనాలు చెయ్యాలి. పాఠం ఎగ్గొడితే క్షమిస్తారేమో గానీ భోజనం ఎగ్గొడితే క్షమించరు. చదువు ఎంతవరకు వచ్చిందని మా నాన్న ఉత్తరం రాస్తే, ఇంకా ఆరు భోజనాలు మిగిలాయని జవాబు రాశాను. ఆయనా లాయరే, ఆ ఉత్తరం మాత్రం గుంటూరు కోర్టు బార్ రూములో ఎవరికీ చూపించలేదట.

ఆ హాలు గోడల నిండా పటాలే. లార్డులు, ఛాన్సలర్లు, ప్రధానమంత్రులు, లా చదవడానికి వచ్చి నాటకాలు రాసుకున్నవాళ్ళు. అందరూ ఎరుపో నలుపో కప్పుకుని, ఎవరో కాలు తొక్కినట్టు మొహాలు పెట్టి చూస్తుంటారు. నలుగురేసి ఒక జట్టుగా కూర్చోబెడతారు. పెద్దలు ప్రార్థన చదివి వెళ్ళేదాకా బాత్రూముకైనా లేవకూడదు. శాకాహారినని చెప్పిన పాపానికి నాకు ఉడకబెట్టిన కాలీఫ్లవరు, దానికి తోడు ఉడకబెట్టిన బంగాళదుంప పెట్టేవారు. ఉప్పు అడిగితే మా జట్టులోవాళ్ళు జాలిగా చూసేవారు.

మన దేశానికి స్వాతంత్ర్యం తెచ్చిన పెద్దల్లో చాలామంది ఈ ఇన్‌లలోనే భోంచేశారు. ఒకప్పుడు ఐర్లండువాళ్ళు కూడా బారిస్టరు కావాలంటే సముద్రం దాటి వెళ్ళి అక్కడ తిని రావాల్సిందే. ఇక్కడి తిరుగుబాటుదార్లలోనూ కొందరు అలా తినొచ్చినవాళ్ళే. ఇంగ్లీషువాళ్ళు ఇంతమంది శత్రువుల్ని తమ ఇంట్లోనే కూర్చోబెట్టి, తమ వంటే పెట్టి తయారుచేసుకున్నారు. ఈ దొరల్ని ఎలాగైనా వదిలించుకోవాలన్న ఆలోచన ఆ కాలీఫ్లవరు తింటున్నప్పుడే వచ్చి ఉంటుందని నా నమ్మకం.

ఆ హాల్లో నేర్చుకున్నది లా కాదు. పటాల్లో ఉన్నవాళ్ళ గురించి ముసలి సభ్యులు చెప్పే కబుర్లు విన్నాను. ఫలానా ఆయన బెంచీ మీద నిద్రపోయేవాడు, ఫలానా ఆయనకి భార్యంటే హడలు, ఫలానా ఆయన ఏ కేసైనా సగం వినేసరికే తీర్పు రాసేసేవాడు. పటం ఎంత పెద్దదైతే కబురు అంత చిన్నబుద్ధిది. పిల్లలూ, గోడమీద ఉన్నవాడిని చూసి భయపడకండి. వాడూ మీలాగే ఆ కాలీఫ్లవరు తిన్నవాడే.

జటాయువు గారు

మావారికి ఇక్కడ మందుల ఫ్యాక్టరీలో ఉద్యోగం రావడంతో నేనూ డబ్లిన్ వచ్చాను. ఇక్కడ మళ్ళీ ఇంకో సీనియరు దగ్గర శిష్యరికం. ఐర్లండులో సీనియరు బారిస్టరుని 'మాస్టర్' అంటారు, ఆయన దగ్గర పని నేర్చుకునేవాణ్ణి 'డెవిల్' అంటారు. నిజంగా అదే పేరు, నేను కల్పించలేదు. "మీ కోడలు డెవిల్‌గా చేరింది" అని మావారు ఫోన్లో చెబితే మా అత్తగారు ఆ వారమే సత్యనారాయణ వ్రతం చేయించారు.

మా మాస్టరు పేరు చెప్పను. పొడుగు మనిషి, వంకీ ముక్కు. గౌను వేసుకుని మెట్లు దిగుతుంటే రెక్కలు విప్పుకుని వస్తున్నట్టుండేవాడు. మా ఇంట్లో ఆయన పేరు జటాయువు. ఐరిష్‌వాడే అయినా లండన్‌లో నేను తిన్న ఇన్‌లోనే తానూ తిన్నవాడు. వాళ్ళు ఆయన్ని పెద్దల వరసలో కూర్చోబెట్టారు, పటం కూడా గీయించారు. ఆ పటంలో ముక్కు కాస్త తగ్గించారని నా అనుమానం.

ఆయనకి ఒకటే పట్టుదల, నిలబడటం. జడ్జి లోపలికి వస్తే నిలబడాలి, జడ్జితో మాట్లాడితే నిలబడాలి, జడ్జి నుంచి ఫోనొచ్చినా నిలబడాలి. నేను మొదటిసారి కోర్టులో సగం లేచి, సగం వంగి, కాగితం చూసి చదువుతుంటే వెనకనుంచి గౌను పట్టి లాగాడు. బయటికొచ్చాక, "నువ్వు కుర్చీకి సారీ చెబుతున్నట్టున్నావు. పూర్తిగా లే, కాగితం కింద పెట్టు, జరిగింది జడ్జికి చెప్పు" అన్నాడు. నాకు మూడు రోజులు ఒళ్ళు మండింది. ఆ తర్వాత అలాగే చేశాను. ఇప్పటికీ లా గురించి నాకు తెలిసినదంతా ఆ ఒక్క వాక్యంలోనే ఉంది.

అలాగని ఆయన తప్పులు చెయ్యలేదనుకోకండి. డబ్లిన్ పక్క జిల్లా కిల్డేర్‌లో ఒక పొలం దారి తగాదాలో జటాయువు గారు ప్రాచీన హక్కుల మీద పొద్దున్నుంచి భోజనాల వేళదాకా ఉపన్యాసం ఇచ్చారు. అంతా అయ్యాక జడ్జి, "ఇంతకీ ఆ గేటు ఏ వైపుకి తెరుచుకుంటుంది?" అని అడిగాడు. మాకు తెలీదు. అవతలివాళ్ళకీ తెలీదు. జడ్జి విసుగెత్తి, రబ్బరు బూట్లు తెప్పించుకుని, మమ్మల్నందరినీ వెంటేసుకుని పొలానికి బయల్దేరాడు. గేటు అసలు తెరుచుకోనే లేదు, దానికి బోల్టు తుప్పుపట్టి ఉంది. మేము ఓడిపోయాం, నా చెప్పులు పేడలో పోయాయి. ఆరోజు నుంచి కేసు చదివేముందు చోటు చూడటం మా ఇద్దరికీ నియమమైంది.

కారులో శిరీష

కోవిడ్ వచ్చింది. బారిస్టర్లు ఒకరికొకరు చెయ్యి కలపకూడదని పాత ఆచారం ఒకటుంది. లోకమంతా కరచాలనం మానేసి కష్టపడుతుంటే మాకు మాత్రం ఏమీ తేడా తెలియలేదు. తేడా తెలిసింది కోర్టు మూసి కంప్యూటర్లోకి తెచ్చినప్పుడు. కిల్డేర్ జిల్లాలోనే నేస్ అనే ఊళ్ళో మా ఇంటి చిన్నగదిలో ఇస్త్రీ బల్ల మీద లాప్‌టాప్ పెట్టి, పైన గౌను, కింద ఇంటి చీరతో వాదించేదాన్ని. వాదన జరిగేటప్పుడు కుక్కరు పెట్టొద్దని మావారికి గట్టిగా చెప్పాను. ఒకసారి మర్చిపోయారు. ఆ విజిలేమిటని జడ్జి అడిగితే కందిపప్పని చెప్పాను.

రిటైరవడానికి సిద్ధమవుతున్న రోజుల్లో నాకు తెలిసిన సొలిసిటర్, అంటే కేసు తయారుచేసి మా చేతికిచ్చే లాయరు, ఒకావిడ ఒక అమ్మాయి కేసు పట్టుకొచ్చింది. పేరు శిరీష, సిద్దిపేట పిల్ల. వైద్య పరికరాల ఫ్యాక్టరీలో క్వాలిటీ ల్యాబ్‌లో పని. నేస్‌లోనే ఒక ఇంట్లో లీజు రాసుకుని గది అద్దెకు తీసుకుంది. షిఫ్టులో ఒకతనికి కోవిడ్ వచ్చింది. శిరీషకి పరీక్ష చేస్తే లేదని తేలింది. ఆ కబురు మోసుకుని సంతోషంగా ఇంటికొస్తే తలుపు తాళం మారిపోయి ఉంది.

"గార్డులకు ఫోన్ చేసిన మేడం" అంది నాతో వీడియోలో. గార్డులంటే ఇక్కడి పోలీసులు, వాళ్ళ నోట 'లవ్' అంటే మనం 'అమ్మా' అన్నట్టే. "గిది సివిల్ మ్యాటర్ లవ్, మేమేం చెయ్యలేం అన్నడు. మంచిగనే మాట్లాడిండు పాపం."

"మరి ఎక్కడ పడుకుంటున్నావమ్మా?"

"కార్ల."

ఫ్యాక్టరీ కార్ పార్కులో, చిన్న కారు వెనక సీట్లో. స్నేహితులెవరూ ఇంట్లోకి రానివ్వడం లేదు. హోటళ్ళు మూసేశారు. ఇంకొక మాట కూడా చెప్పింది. ఉండటానికి చోటు చూపించకపోతే వచ్చే వారం నుంచి పనిలోకి రావద్దని మేనేజరు అన్నాడట. అంటే గది పోతే ఉద్యోగం పోతుంది, ఉద్యోగం పోతే ఈ దేశంలో ఉండే పర్మిట్టు పోతుంది. ఇదంతా ఆ పిల్ల ఏడవకుండా చెప్పింది.

ఇంటి యజమాని మనవాడే, సుధాకర్ గారు, నెల్లూరు వైపు. నేస్‌లో ఉగాది అంటే మైకు పట్టుకునేది ఆయనే. ఒకే వీధిలో రెండిళ్ళు. ఒకదాంట్లో తన కుటుంబం, రెండోదాంట్లో గదులు అద్దెకు. కోర్టు నోటీసు అందగానే నాకు ఫోన్ చేశాడు.

"మేడమ్, మీరు పెద్దోళ్ళు. మన మనుషుల మధ్య కోర్టులేంది? ఆ పిల్ల రోజూ ఫ్యాక్టరీకి పోయొస్తా ఉంటది. ఇంట్లో ఇంకా ముగ్గురుండారు. రేపు ఎవురికన్నా ఏమన్నా అయితే ఎవురు చూస్తారు?"

"సుధాకర్ గారూ, మీరు నాతో మాట్లాడకూడదు. లాయర్ని పెట్టుకోండి" అన్నాను.

పెట్టుకున్నాడు. ఎవర్ననుకున్నారు, జటాయువు గారిని. ఆయన కూడా నేస్ దగ్గరే ఉంటాడు. లాక్‌డౌన్ మొదట్లో ఆయన ఇంట్లో ఇంటర్నెట్ పనిచెయ్యకపోతే సుధాకర్ గారు వెళ్ళి కిటికీ బయట నిలబడి సూచనలిచ్చి బాగుచేయించాడట. దేశంలోకెల్లా పేరున్న సీనియరు బారిస్టరు ఒక అద్దెగది కేసులో దిగడానికి కారణం ఆ వైఫై రుణమే.

సుధాకర్ గారు ప్రమాణం చేసి అఫిడవిట్ ఇచ్చాడు. శిరీష గదికి సీలు వేశానని, శుభ్రం చేయించేదాకా అందులో ఎవరూ అడుగు పెట్టలేదని, పెడితే అందరి ప్రాణాలకీ ముప్పని అందులో ఉంది. చదివితే నాకే భయమేసింది. జడ్జి ఏమంటాడో నాకు తెలుసు. ప్రాణభయం ఒక పక్క, ఒక అమ్మాయి పడక ఇంకోపక్క ఉంటే, ఆ రోజుల్లో ఏ జడ్జీ తొందరపడడు. రెండు వారాలు వాయిదా వేస్తాడు. శిరీషకి రెండు వారాలు లేవు. మామూలు రోజులైతే వెళ్ళి ఆ ఇల్లు చూసొచ్చేదాన్ని. ఇప్పుడు ఎవరింటికీ ఎవరూ పోకూడదు.

లేచి నిలబడినప్పుడు

విచారణ రోజు తెర మీద అందరం చేరాం. ఆన్‌లైన్‌లో లేవనక్కర్లేదు, కూర్చునే ఉండొచ్చని కోర్టువాళ్ళు ముందే చెప్పారు. మేమందరం కూర్చునే ఉన్నాం. జటాయువు గారు మాత్రం ఎక్కడైనా కోర్టు కోర్టేనని, జడ్జి తెరమీదకి రాగానే నిలబడి తీరాలని తన క్లయింటుకి గట్టిగా నేర్పారట. నాకు నేర్పినట్టే.

జడ్జి వచ్చాడు. జటాయువు గారు లేచారు. ఆయన తల తెరలోంచి మాయమై, దాని స్థానంలో నడుమూ, నీలం చారల పైజమా వచ్చాయి. బొందు సరిగా కట్టలేదు. జడ్జి గొంతు సవరించుకున్నాడు. నేను పెదవి కొరుక్కుని నవ్వు ఆపుకుంటున్నాను.

అదే క్షణంలో సుధాకర్ గారూ లేచాడు. అప్పటిదాకా ఆయన మొహం, వెనక తెల్లగోడ తప్ప ఏమీ కనపడలేదు. లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు గనక దాన్ని రెండు చేతులతో పట్టుకునే లేచాడు. గదంతా తెరమీద ఒక చుట్టు తిరిగింది. మంచం, కిటికీకి పసుపుపచ్చ కర్టెన్, గోడకి చిన్న అలమరలో లక్ష్మీదేవి పటం, తలుపు కొక్కానికి ఫ్యాక్టరీ కోటు.

"గిది నా రూమే" అంది శిరీష. కారులోంచి ఫోన్లో వింటోంది, మాట్లాడకూడదన్న సంగతి మర్చిపోయింది. "మేడం, గా కర్టెన్ నేనే కుట్టిన. నా రూముల కూసున్నడు."

సుధాకర్ గారు కంగారులో తెలుగులోనే జవాబిచ్చాడు. "నువ్వాగమ్మా. ఇంట్లో పిల్లకాయల ఆన్‌లైన్ క్లాసులు. నెట్ ఈడే బాగొస్తది."

జడ్జి అయోమయంగా చూశాడు. "ఏమంటున్నారు వాళ్ళు?" అని నన్నడిగాడు. నాకు నోరు దురద పెట్టింది. కానీ అవతలి క్లయింటు మాటలకి నేను అర్థం చెప్పకూడదు. "జడ్జ్, ఆయన్నే ఇంగ్లీషులో చెప్పమనండి" అన్నాను.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. జటాయువు గారు ఆ పూట చాలా చెయ్యగలిగేవారు. కనెక్షను పోయిందని మీట నొక్కితే చాలు. క్లయింటుతో మాట్లాడుకోవాలని వాయిదా అడగొచ్చు, జడ్జి ఇచ్చేవాడు. ఆ లోపల మా శిరీష బతుకు తెల్లారిపోయేది. ఆయన ఇవేవీ చెయ్యలేదు. నిలబడే ఉండి, తన క్లయింటుని ఒకే ప్రశ్న అడిగారు.

"మిస్టర్ సుధాకర్, మీరు ఇప్పుడున్నది ఆ అమ్మాయి గదేనా?"

సుధాకర్ గారు కాసేపు లాప్‌టాప్ మూలలకేసి చూసి, "యెస్, జడ్జ్. వైఫై ఈజ్ వెరీ గుడ్ హియర్" అన్నాడు.

"జడ్జ్," అన్నారు జటాయువు గారు, తల కనపడకుండా, "ఈ గదిలోకి ఎవరూ వెళ్ళలేదన్న అఫిడవిట్‌ని నేను మీ ముందు పెట్టాను. ఇక దాని మీద ఆధారపడలేను. గది ఆ అమ్మాయికి తిరిగి ఇమ్మని మీరు ఆర్డరిస్తే నేను చెప్పేదేమీ లేదు."

సాయంత్రం లోపు తాళంచెవి ఇవ్వాలని జడ్జి ఆర్డరిచ్చాడు. అబద్ధపు ప్రమాణం సంగతి తర్వాత చూస్తానన్నాడు. చూశాడు కూడా, సుధాకర్ గారికి బాగానే తలంటాడు.

పిల్లలూ, నేను ఇన్నేళ్ళూ పెద్దమనుషులని వెక్కిరిస్తూనే బతికాను, ఇప్పుడూ మానను. కానీ ఆరోజు ఆ చారల పైజమాకి మనసులో నమస్కారం పెట్టాను. మన పని క్లయింటుని గెలిపించడమే. కానీ అబద్ధం చెప్పి గెలిపించడం మన పనిలో లేదు. ఈ మాట అందరూ చెబుతారు. గెలుపు చేతిలోంచి జారిపోతున్నప్పుడు, క్లయింటు తెరమీంచి గుడ్లురుముతున్నప్పుడు, నిలబడి చెప్పినవాళ్ళని నేను చాలా తక్కువమందిని చూశాను. ఆ తర్వాత ఆయన ఫోన్ చేసి, "నా పైజమా కనపడిందా?" అని అడిగారు. కనపడిందన్నాను. "ఛ" అన్నారు. అంతకుమించి ఆ కేసు గురించి మేము మాట్లాడుకోలేదు.

తాళంచెవి తర్వాత

గెలిచామని సంబరపడ్డాను. మావారు కేసరి చేశారు. ఉగాది వాట్సాప్ గ్రూపులోంచి నన్ను తీసేశారు గానీ దానివల్ల నాకు మిగిలింది ప్రశాంతతే.

మర్నాడు శిరీష ఫోన్ చేసింది. గొంతులో సంతోషం వెతికాను, దొరకలేదు. ప్రెస్‌లో, అంటే ఇక్కడి మాటలో వంటింటి అలమరలో, తన పప్పుడబ్బాలన్నీ తీసేసి సంచిలో కట్టి తలుపు దగ్గర పెట్టారట. తను వంటింట్లోకి వస్తే అద్దెకున్న మిగతా ముగ్గురూ తినేది వదిలేసి పైకి వెళ్ళిపోతున్నారట. వాళ్ళూ మనవాళ్ళే.

నాకు కోపం ముంచుకొచ్చింది. కోర్టుకున్న బలం ఎంతో అప్పుడు తెలిసింది. తలుపు తెరిపించగలదు. పక్కన కూర్చుని అన్నం తినమని ఎవరికీ ఆర్డరివ్వలేదు.

"అక్కడెందుకమ్మా ఉండటం? మెయ్‌నూత్‌లో నాకు తెలిసినావిడ ఉంది. మంచి మనిషి, గది ఖాళీగా ఉంది. ఇవాళే మాట్లాడతాను. నీ మేనేజరుకి చూపించడానికి ఆ అడ్రసు చాలు" అన్నాను.

"వద్దు మేడం."

"ఎందుకు వద్దు? నువ్వు గెలిచావు. ఇక ఎక్కడికైనా పోవచ్చు."

అవతల స్టవ్ మీద ఏదో పొంగి, దాన్ని దించిన చప్పుడు వచ్చింది.

"నేను పోతే సుధాకర్ అంకుల్ గీ రూము ఇంకో పిల్లకు ఇస్తడు మేడం. ఆ పిల్లకు దగ్గు రాంగనే మల్ల తాళం మారుస్తడు. ఆ పిల్లకు కారుంటదో, లేదో" అంది శిరీష. "లీజు అయిపోయేదాంక నేనైతే ఏడికి పోను. ఒక్కదాన్నే తింట, ఏమైతది? చారు పెట్టిన, సల్లారిపోతున్నది. ఉంట మేడం."